సెల్ టవరును ఊరి చూపును

నిరుడు వేసవి సెలవులు ముగిసి మా పాఠశాల తెరచునప్పటికి, వెనుక వీధిలోని యొక మేడమీద క్రొత్తగా నొక యినుప స్తంభము లేచియుండెను. తొమ్మిదవ తరగతి బాలురు కిటికీలోనుండి దానిని చూచి, "మాస్టరుగారూ, దీని నిచ్చట కట్టవచ్చునని యెవరు నిర్ణయించిరండీ? ఇంత యెత్తుండవచ్చునని యెవరు చెప్పిరండీ?" అని మమ్ము నడిగిరి. మేము పాఠము నడుమ నుంటిమి గనుక "తరువాత చెప్పెదము" అని తప్పించుకొంటిమి. నిజము చెప్పవలెనన్న, అప్పటికి మాకును సరియైన యుత్తరము తెలియదు. పిమ్మట కొంత చదివితిమి. చదివినకొలది, ఈ ప్రశ్నయే అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఊరూర చర్చింపబడి, తుద కొక చిన్న నగరమునుండి బయలుదేరి యచ్చటి సుప్రీముకోర్టువరకు పోయినదని తెలిసికొంటిమి. బాలుర ప్రశ్నకు ఆ వ్యాజ్యముకంటె చక్కని యుత్తరము మాకు దొరకలేదు. కావున దానినే యిచ్చట విశదపరచుచున్నాము.

మొదట టవరున కెత్తేల కావలెనో తెలిసికొందము. పొడవుగా కట్టవలెనని కంపెనీలవారు కోరుట యాడంబరమునకు గాదు. చేతిఫోనునుండి బయలుదేరు రేడియో తరంగములు కంటికి గానరాని వెలుగువంటివి; అవి చాలవరకు తిన్నగా పోవును. నడుమ కొండగాని, మేడగాని, దట్టమైన తోపుగాని యడ్డమైనచో వాని బలము తగ్గును. తరగతిగదిలో దీపమును నేలమీద నుంచి చూడుడు: బల్లల నీడలు గోడలెక్కును, మూలలు చీకటిగ నుండును. ఆ దీపమునే దూలమునకు వ్రేలాడగట్టినచో గదియంతయు వెలుగును. టవరు శిరస్సున నుండు ఆంటెనా యట్టి దీపము.

ఐతే దీపము నెంతయెత్తునకైన నెత్తుచు పోవుటవలన ప్రయోజనము లేదు. ఒక టవరు ఒకే కాలమున మోయగల సంభాషణలకు మితి గలదు. కావుననే ఊరిని తేనెపట్టు గదులవలె చిన్న చిన్న భాగములుగ విభజించి, భాగమున కొక టవరు చొప్పున నిలుపుదురు. ఆంగ్లమున సెల్ అనగా గది. ఫోనునకు ఆ పేరు వచ్చుట యీ గదులవలననే. ఇందొక చిక్కు గలదు. టవరు నెత్తు తగ్గించినచో అది సేవచేయు మేర తగ్గును; అప్పుడు టవరుల సంఖ్యను పెంచవలెను. మూడు నాలుగు కంపెనీలవా రొకే స్తంభమును పంచుకొని తమ ఆంటెనాల నొకదాని క్రింద నొకటిగ నమర్చుకొన్నచో టవరుల సంఖ్య తగ్గును. కాని అన్నిటికంటె క్రిందనున్న ఆంటెనాయు చెట్లకు పైన నుండవలెను గనుక, ఆ స్తంభము మరింత పొడవుగా నుండవలెను. కాబట్టి "పొట్టిగా కట్టుడు" అనువారు "ఎక్కువ కట్టుడు" అనియు, "తక్కువ కట్టుడు" అనువారు "పొడవుగా కట్టుడు" అనియు తమకు తెలియకయే చెప్పుచున్నారు. ఊరి సభలలో ఈ విషయమై జరుగు కలహములలో పెక్కింటికి మూల మిచ్చటనే యున్నది.

ఎత్తునకు మరియొక మెట్టు గలదు. అమెరికాలో నేలనుండి 200 అడుగులు, అనగా సుమారు 61 మీటర్లు, మించిన కట్టడమును గూర్చి విమానయాన శాఖకు ముందుగా తెలుపవలెను. అట్టివానికి సాధారణముగ రాత్రులందు వెలుగు దీపములుగాని, దూరమునకు కనబడు రంగులుగాని యుండవలెను. ఆ ఖర్చును, ఆ దీపములవలన ఇరుగుపొరుగువారికి కలుగు చిరాకును తప్పించుకొనుటకై 199 అడుగులయొద్ద నాపివేసిన టవరు లచ్చట ననేకములు గలవు.

ఇక ఊరివారి హక్కు సంగతి. పట్టణమును భాగములుగ విభజించి, ఇచ్చట నివాసగృహములు, అచ్చట అంగళ్లు, ఆవల కర్మాగారములు ఉండవలెననియు, ఏ భాగమున కట్టడ మెంత యెత్తు మించరాదనియు నిబంధించుటను జోనింగు అందురు. 1916లో న్యూయార్కు నగర మాదేశమున మొదటిసారిగ సమగ్రమైన జోనింగు శాసనమును చేసెను. ఎత్తైన మేడల నీడలలో వీధులు మునిగి, క్రిందివారికి వెలుతురును గాలియు కరవగుట దాని ముఖ్యకారణములలో నొకటి. అట్టి నిబంధనలు చెల్లునని 1926లో సుప్రీముకోర్టు యూక్లిడ్ గ్రామపు వ్యాజ్యమున తీర్పు చెప్పెను. నా స్థలములో నాకు తోచినంత యెత్తు కట్టెద ననువారి హక్కునకు ఆ విధముగ హద్దేర్పడినది.

సెల్ టవరు వలన వెలుతురును గాలియు ఆగిపోవు. అది సన్నని స్తంభము. దానివలన కలుగు హాని చూపునకు సంబంధించినది. ఇంటి వాకిట నిలిచి చూచినప్పుడు నిన్నటివరకు చెట్ల కొనలును మబ్బులును ఉన్నచోట నేడొక యుక్కు దండము నిలిచియుండును. ఇది చిన్న సంగతియని నవ్వువారు గలరు. వారి వాకిట నట్టి స్తంభము లేచునప్పుడు వారే సభకు పరుగెత్తి వచ్చుటయు గలదు. మనుష్యుడు తన యూరిని ప్రేమించుట చాలవరకు కన్నులతోనే. దూరమునుండి వచ్చువాడు తాటితోపునో, గుడి గోపురమునో, చర్చి శిఖరమునో చూచి "ఇదిగో మా ఊరు" అనును. అట్టి చూపును కాపాడుకొనగోరుట న్యాయమైన కోరికయే. ఐతే ఈ చూపును కొలుచు టెట్లు?

ఇందుకై అచ్చటి పెక్కు ఊళ్లవారు బెలూను పరీక్షను చేయింతురు. టవరు కట్టదలచిన చోట, ముందుగా ప్రకటించిన దినమున, కొట్టవచ్చినట్లు కనబడు రంగుగల పెద్ద బుడగకు త్రాడు గట్టి, టవరు ఎంత యెత్తుండునో సరిగ నంతవరకు విడుతురు. ఊరివారు తమ యిండ్లయెదుటను, బడియొద్దను, సరస్సు గట్టునను నిలిచి, బుడగ కనబడునో లేదో చూతురు. ఆయా చోట్లనుండి ఛాయాచిత్రములు తీసి, బుడగ యున్నచోట టవరు బొమ్మను కొలత ప్రకారము చేర్చి సభకు చూపుదురు. గాలి వీచినచో బుడగ ప్రక్కకు వాలి తక్కువ యెత్తున కనబడును గనుక, గాలి లేని యుదయమును ఏర్పరచుకొందురు. వేసవిలో ఆకుల చాటున దాగునది ఆకులు రాలిన శీతకాలమున బయటపడును గనుక, ఋతువునుగూడ విచారింతురు. "వికారముగా నుండును" అని ఒకడును "ఉండదు" అని యొకడును కేకలు వేయుటకంటె ఈ పద్ధతి యెంతో మేలు గదా!

చూపునకు కలుగు హానిని తగ్గించుటకు వేషము వేయుట మరియొక యుపాయము. 1992లో కొలరాడో రాష్ట్రపు డెన్వరు నగరమున పైను చెట్టు వేషముగల టవరు నొకదానిని నిలిపిరి. అటుతరువాత తాటిజాతి చెట్లు, ధ్వజస్తంభములు, నీటి తొట్లు, గడియారపు గోపురములు మొదలగు వేషములు వచ్చినవి. చర్చి శిఖరములలోపల ఆంటెనాలను దాచుటయు గలదు. తరంగములకు అడ్డము రాని పదార్థముతో శిఖరపు పలకలను మార్చి, బయటి రూపమును చెడనీయకుందురు. 2018 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘము, పల్లెలలో ఫోనును ఇంటర్నెట్టును వ్యాపింపజేయుటకు తన ఆలయ శిఖరముల నుపయోగించుటను గూర్చి ఆ దేశ ప్రభుత్వముతో నొడంబడిక చేసికొనెను. ఐతే వేషము ఎల్లప్పుడును అతుకదు. చుట్టునున్న నిజమైన చెట్లు అరువది యడుగులుండగా నడుమ నొక చెట్టు మాత్రము నూరడుగులుండి, గాలికి కదలక నిటారుగ నిలిచినచో, దాచదలచినదే ముందుగా కంటబడును.

1996లో అమెరికా శాసనసభ టెలికమ్యూనికేషన్ల చట్టమును చేసినప్పుడు ఈ రెండు న్యాయములను, అనగా ఊరివారి చూపును దేశమంతట ఫోను వ్యాపించుటను, ఒక త్రాసున తూచుటకు యత్నించెను. టవరు ఎచ్చట నుండవలెను, ఎట్లుండవలెను అను నిర్ణయమును ఊరివారికే విడిచెను. కాని కొన్ని హద్దులు పెట్టెను. ఒక కంపెనీకి ఇచ్చి, అట్టి సేవయే చేయు వేరొకదానికి అన్యాయముగ కాదనరాదు. ఫోను సేవ ఊరిలోనికి రాకయే పోవునట్లు చేయరాదు. దరఖాస్తును తగినకాలములో తేల్చవలెను. కాదన్నచో వ్రాతమూలకముగ కాదనవలెను. ఆ నిరాకరణమునకు వ్రాతలో నిలిచియున్న గట్టి సాక్ష్యముండవలెను. తరంగముల బలము సమాఖ్య ప్రమాణములకు లోబడియున్నంతవరకు, వానివలన కలుగునని చెప్పబడు హానిని కారణముగ చూపి కాదనరాదు. కాదనిపించుకొన్నవాడు 30 దినములలో కోర్టునకు పోవచ్చును.

హానిని గూర్చిన యా హద్దు చిత్రమైన ఫలితముల నిచ్చెను. ఆరోగ్యమును గూర్చి భయపడుచున్నవారు ఆ మాట సభలో చెల్లదని తెలిసికొని, అందమును గూర్చి మాటలాడ నారంభించిరి. మనస్సున నొకటి యుంచుకొని నోట నింకొకటి పలికినప్పుడు వాదము బలహీనమగును. నిజముగ చూపునకే హాని కలుగుచున్నచో ఎచ్చటనుండి, ఎవరికి, ఎంత కనబడునో చూపవలెను. వట్టి "బాగుండదు" అనుమాటను కోర్టులు చాలిన సాక్ష్యముగ నెంచుట లేదు.

ఇప్పుడు మా వ్యాజ్యమునకు వత్తము. జార్జియా రాష్ట్రమున అట్లాంటాకు ఉత్తరముగ రాస్వెల్ అను చిన్న నగరము గలదు. నేడు ఆ యుత్తరపు శివారులలో తెలుగు కుటుంబములు పెక్కు నివసించుచున్నవి గనుక, మా పాఠకులలో కొందరికి ఆ ప్రాంతపు పేరు క్రొత్త కాకపోవచ్చును. టీ-మొబైలు కంపెనీవారు అచ్చటి నివాసభాగమున 2.8 ఎకరముల ఖాళీస్థలములో 108 అడుగుల టవరు కట్టుటకు దరఖాస్తు చేసికొనిరి. 108 అడుగులనగా మన యూళ్లలోని మిక్కిలి పొడవైన తాటిచెట్టుకంటెను ఒకింత యెక్కువ. టవరును పైను చెట్టు వేషమున, కొమ్మల మాటున ఆంటెనాలు దాగునట్లు కట్టెదమని వారు చెప్పిరి. ఆ నగరపు శాసనము ప్రకారము టవరు ప్రకృతి పరిసరములకును చుట్టునున్న కట్టడములకును తగియుండవలెను. నగరపు ప్లానింగు శాఖవారు పరిశీలించి, కొన్ని షరతులతో అనుమతి నీయవచ్చునని సలహా చెప్పిరి.

2010 ఏప్రిలు 12వ తేదీన నగరసభ బహిరంగముగ కూడి ఇరుపక్షముల వాదములు వినెను. పిమ్మట సభ్యులు తమ యభిప్రాయములు చెప్పిరి. టవరు ఆ పరిసరములకు అందమున తగదనియు, మిక్కిలి పొడవనియు, ఇండ్లకు చేరువయై యిరుగుపొరుగువారికిని వారి యిండ్ల వెలకును నష్టము కలిగించుననియు ఒకరు ప్రతిపాదింపగా, సభ ఏకగ్రీవముగ దరఖాస్తును నిరాకరించెను. రెండు దినములకు, అనగా ఏప్రిలు 14న, కంపెనీకి ఒక చిన్న లేఖ వచ్చెను. అందు దరఖాస్తు నిరాకరింపబడినదనియు, సభాచర్యల వ్రాతను గుమాస్తా కార్యాలయమున పొందవచ్చుననియు మాత్రమే యుండెను. ఏల నిరాకరింపబడినదో ఒక్క మాటయు లేదు. ఆ సభాచర్యల వ్రాత, మినిట్సు అని మనము వాడుకగ ననునది, లేఖ వచ్చిన 26 దినములకుగాని బయటికి రాలేదు. కోర్టునకు పోవుటకు గడువు 30 దినములు; మిగిలినవి నాలుగే. కంపెనీవారు మే 13న దావా వేసిరి.

మొదటి కోర్టు కంపెనీపక్షముగను, అప్పీలు కోర్టు నగరపక్షముగను చెప్పెను. 2015 జనవరి 14న సుప్రీముకోర్టు ఆరుగురు ముగ్గురిగ విడిపడి తీర్పు చెప్పెను. ఆరుగురి పక్షమున న్యాయమూర్తి సోనియా సోటొమాయర్ తీర్పు వ్రాసిరి. దాని సారమిది. ఊరిసభ టవరును కాదనవచ్చును. కాని యేల కాదనినదో స్పష్టముగ వ్రాసి తెలుపవలెను. ఆ కారణములు లేఖలోనే యుండనక్కర లేదు, వేరొక కాగితముననైన నుండవచ్చును. ఐతే ఆ కాగితము లేఖతోపాటు ఇంచుమించు ఒకే కాలమున అందవలెను. కారణములు తెలియక కోర్టు ఎట్లు విచారించును? కాదనిపించుకొన్నవాడు దావా వేయవలెనో మానవలెనో ఎట్లు నిర్ణయించుకొనును? 26 దినముల యాలస్యమువలన రాస్వెల్ నగరము తన బాధ్యతను నెరవేర్చలేదని కోర్టు తేల్చి, అప్పీలు తీర్పును రద్దుచేసి వ్యాజ్యమును మరల క్రిందికి పంపెను.

భిన్నాభిప్రాయము వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్సు వాదమును గూడ విద్యార్థులు వినవలెను. చట్టమున "వ్రాతమూలకముగ కాదనవలెను" అనియే యున్నది, "కారణములు చెప్పవలెను" అని లేదు. శాసనకర్తలు కోరినచో ఆ మాటను వ్రాసియుందురు గదా యని ఆయన యనిరి. చట్టములోని యక్షరమును పట్టుకొని వాదించినచో ఈ మాట త్రోసివేయదగినది కాదు. ఐనను, గడువు నడచుచుండగా కారణమును దాచియుంచుట కాదనిపించుకొన్నవాని చేతులు కట్టుటయే యగునని మాకు తోచుచున్నది.

ఆ తీర్పులో ఒక సంగతిని గమనింపుడు. టవరు అందముగ నున్నదా లేదా యని కోర్టు చెప్పలేదు. 108 అడుగు లెక్కువయా తక్కువయా యనియు చెప్పలేదు. ఆ నిర్ణయము ఊరివారిది. కోర్టు అడిగిన దొక్కటే: "ఏల?" అనునది.

1996 నాటి చట్టమునకు పిమ్మట ఊరివారి హక్కు కొన్ని విషయములలో తగ్గినది. ఉన్న టవరుయొక్క కొలతలను అంతగ మార్చని చేర్పులను కాదనరాదని 2012లో నొక చట్టము వచ్చెను. సాధారణముగ పదియవవంతో, ఒక ఆంటెనా వరుసకై ఇరువది యడుగులవరకో పెరిగినను అది పెద్ద మార్పు కాదని 2014లో నిబంధనలు చేయబడినవి. వేషమును చెడగొట్టు మార్పునకు మాత్ర మీ రక్షణ లేదు. కావున నేడు నూరడుగుల కొప్పుకొను సభ రేపటి నూటయిరువదినిగూడ మనస్సున నుంచుకొనవలెను. దీపస్తంభములపై నమర్చు చిన్న ఆంటెనాలను గూర్చి 2018లో సమాఖ్య సంస్థవారు మరికొన్ని నిబంధనలు చేసి, అందమును గూర్చిన యూరి నియమములకుగూడ హద్దులు పెట్టిరి. 2020లో నొక అప్పీలు కోర్టు ఆ యందపు హద్దులలో కొన్నిటిని కొట్టివేసెను. త్రాసు ఇంకను ఊగుచునే యున్నది.

మన దేశమున ఈ వాద మింత దూరము చూపును గూర్చి నడువలేదు. ఇచ్చట జనుల భయ మెక్కువగ తరంగములను గూర్చియే. 2012 సెప్టెంబరు 1 నుండి మన ప్రభుత్వము టవరుల తరంగబలమునకు అంతర్జాతీయ ప్రమాణములో పదియవవంతును హద్దుగ నిర్ణయించినది. టవరులకు స్థలానుమతిని గూర్చి 2016లో చేయబడిన దారిహక్కు నిబంధనలలో, దరఖాస్తును కాదనునప్పుడు కారణములను వ్రాతలో నుంచవలెననియు, అంతకు ముందు దరఖాస్తుదారుని మాట వినవలెననియు నుండెను. వాని స్థానమున 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము క్రింద చేయబడిన క్రొత్త నిబంధనలు 2025 జనవరి 1న అమలునకు వచ్చినవి.

108 అను సంఖ్యను చదివినప్పుడు తెలుగువారికి వేరొక తలంపు వచ్చుట సహజము. 2005లో హైదరాబాదున ప్రారంభమైన యంబులెన్సు సేవకు ఆ సంఖ్యయే గుర్తు. అర్ధరాత్రివేళ ప్రసవవేదన పడుచున్న స్త్రీకై ఆ సంఖ్యను నొక్కిన చేతికి ఎచ్చటనో ఒక టవరు ఆధారము. ఆ టవరు ఎవరో యొకరి కిటికీ యెదుట నుండక తప్పదు. కావున చూపును కోరువాడు స్వార్థపరుడనియు, టవరును కోరువాడు ఊరి శత్రువనియు తలపరాదు. ఇరువురి కోరికయు న్యాయమైనదే. న్యాయమైన కోరికలు రెండు ఢీకొన్నప్పుడు ఒకరి కోరిక తీరదు. తీరనివానికి మన మీయదగినది కారణము, అదియు సకాలమున.

ఈ వ్యాజ్యమును చదువుచుండగా మాకు మా తప్పిద మొకటి జ్ఞప్తికి వచ్చెను. మూడేండ్ల క్రిందట పదవ తరగతి వసతిగృహపు బాలురు, రాత్రి భోజనమైన పిమ్మట ఒక గంటసేపు పఠనమందిరమును తెరచియుంచవలెనని వ్రాసి యిచ్చిరి. మేము ఆ కాగితము క్రిందనే "వీలుకాదు" అని వ్రాసి సంతకము చేసితిమి. మెట్లయొద్ద దీపము లేకపోవుటయే మా కారణము. చీకటిలో ఎవరైన పడుదురేమోయని భయపడితిమి. కాని దానిని వ్రాయలేదు, చెప్పలేదు. తమయందు మాకు నమ్మకము లేదని బాలురు తలచిరి. పరీక్షలు ముగిసి యిండ్లకు పోవు దినమున నొకడు సంగతి తెలిసికొని, "మాస్టరుగారూ, దీపమొక్కటే కొరతయని యప్పుడే చెప్పియుండినయెడల మేము తలా కొంచెము వేసికొని తెచ్చియుందుము గదండీ" అనెను. మాకు సిగ్గు కలిగెను. మా నిర్ణయము తప్పు కాకపోవచ్చును. కారణమును మింగుట తప్పు. రాస్వెల్ వారికి మిగిలిన నాలుగు దినములైనను మేము ఆ బాలురకు మిగుల్చలేదు.

మీరు పెద్దవారై పంచాయతీలలోను, పురపాలక సభలలోను, కార్యాలయములలోను కూర్చుండునప్పుడు "కాదు" అని వ్రాయవలసిన దినములు వచ్చును. అధికారమున్నచో ఆ మాట వ్రాయుటకు శ్రమ లేదు. దాని ప్రక్కనే "ఏలయనగా" అని వ్రాసి, ఆ వాక్యమును పూర్తిచేయగలిగిన నాడే మీ నిర్ణయము న్యాయమునకు నిలుచును. పూర్తిచేయలేకపోయినచో నిర్ణయమునే మరల ఆలోచింపుడు.

ఇక బాలుర మొదటి ప్రశ్న మిగిలియున్నది. మేడమీది స్తంభము నెవ రనుమతించిరి, ఎంత యెత్తునకు, ఏ షరతులతో? 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము ఈ సంగతి నడుగు హక్కు మన కున్నది. ఉత్తరమునకు గడువు 30 దినములు. బాలురు చక్కని దస్తూరితో వ్రాసిన యర్జీని, మేమును సంతకముచేసి, ఈ వ్యాసము అచ్చునకు పోవుచున్న వారముననే పంపితిమి. వచ్చిన యుత్తరమును తరగతి గోడకు అంటింతుము.